మేమ్‌లో జాయ్‌స్టిక్‌లు తారుమారు, ప్యాక్‌మ్యాన్‌లో మలుపు ఆలస్యం, కీబోర్డులో మూడో కీ పడట్లేదు

రెండో_ప్లేయర్:

అందరికీ నమస్కారం. కంట్రోల్స్ దగ్గర ఐదు తలనొప్పులు ఉన్నాయి, ఒకే చోట అడిగేస్తున్నాను.

సెటప్: విండోస్ 10, మేమ్ (పాత ఆర్కేడ్ గేమ్‌లని కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రామ్) 0.261. జీరో డిలే రకం యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (స్టిక్, బటన్ల వైర్లని కంప్యూటర్‌కి కలిపేవి) రెండు, రెండూ ఒకే మోడల్. ఒక్కో బోర్డుకి ఎనిమిది దిక్కుల స్టిక్ ఒకటి, కాయిన్, స్టార్ట్ కాకుండా ఆరు బటన్లు. పక్కన మామూలు యూఎస్‌బీ కీబోర్డు.

1. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి ఎడమ స్టిక్ రెండో ప్లేయర్ అయిపోతోంది. వైర్లు ఏమీ కదపలేదు.

2. ప్యాక్‌మ్యాన్‌లో ఎడమకి వెళ్తూ పైకి తిప్పితే సందు దాటిపోయాక తిరుగుతోంది. ఒక గైడ్ చూసి మేమ్ సెట్టింగ్స్ ఉండే ఐఎన్ఐ ఫైల్లో జాయ్‌స్టిక్ మ్యాప్ దగ్గర ఎస్8.4ఎస్8.44ఎస్8.4445 అని పెట్టాను. మిగతా గేమ్‌లలో స్టిక్ బాగానే ఉంది.

3. కీబోర్డుతో ఆడేటప్పుడు పై బాణం, ఎడమ బాణం పట్టుకుని స్పేస్ కొడితే మూడో బటన్ పడదు. పై బాణం, కుడి బాణం పట్టుకుంటే పడుతుంది.

4. బటన్ల వరుస జనరల్ మెనూలో మార్చాను. అన్ని గేమ్‌లకీ వచ్చింది, స్ట్రీట్ ఫైటర్ 2కి మాత్రం పాత వరుసే.

5. కాయిన్, స్టార్ట్ కలిపి నొక్కితే గేమ్‌లోంచి బయటకి రావాలని పెట్టుకున్నాను. ఇప్పుడు స్టార్ట్ ఒక్కటే నొక్కినా గేమ్ మూసుకుపోతోంది.

—

మైక్రోస్విచ్:

ముందు ఏ తప్పు ఎక్కడుందో విడగొట్టుకోండి. మీ చేతికీ గేమ్‌కీ మధ్య మూడు అంచెలు ఉన్నాయి: విండోస్, మేమ్, గేమ్ ప్రోగ్రామ్. ఒక్కో అంచెకీ ఒక్కో పరీక్ష.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. అందులో బోర్డు ప్రాపర్టీస్ తెరిచి స్టిక్, బటన్లు కదపండి. అక్కడే తేడాగా ఉంటే తప్పు వైరు దగ్గరో స్విచ్ దగ్గరో ఉన్నట్టు, మేమ్‌ని ముట్టుకోనక్కర్లేదు. అక్కడ బాగుంటే మేమ్‌లో ట్యాబ్ నొక్కి, ఇన్‌పుట్ సెట్టింగ్స్ లోపల ఇన్‌పుట్ డివైసెస్‌కి వెళ్లండి. ఏ డివైస్‌లో ఏ కీ, ఏ యాక్సిస్ ఎంత విలువ చూపిస్తోందో నొక్కుతుండగానే మారుతూ కనబడుతుంది. అదీ బాగుంటే ఎఫ్2 నొక్కి గేమ్ టెస్ట్ మోడ్‌లోకి వెళ్లండి. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి వాటికి అందులో సొంత ఇన్‌పుట్ టెస్ట్ ఉంటుంది, ప్రోగ్రామ్‌కి నిజంగా ఏం అందుతోందో అది చెబుతుంది.

ఇక మీ లిస్టు. తేలికైనవి ముందు.

నాలుగోది: జనరల్‌లో మార్చినవి సీఎఫ్‌జీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫైల్లోకి వెళ్తాయి. దిస్ సిస్టమ్ అనే మెనూలో మార్చినవి ఆ గేమ్ సెట్ పేరుతో ఉన్న ఫైల్లోకి. రెండూ ఉంటే గేమ్ ఫైలుదే పైచేయి. మీరు ఎప్పుడో ఒకసారి స్ట్రీట్ ఫైటర్ 2లో దిస్ సిస్టమ్ కింద ఏదో మార్చి ఉంటారు. మేమ్ మూసేసి, సీఎఫ్‌జీ ఫోల్డర్‌లో ఎస్ఎఫ్2 పేరుతో ఉన్న ఫైల్ని వేరే చోటికి జరిపి మళ్లీ తెరవండి. మేమ్ నడుస్తుండగా తీస్తే లాభం లేదు, బయటకి వచ్చేటప్పుడు తన దగ్గరున్నది మళ్లీ రాసేస్తుంది. క్లోన్ సెట్ (అదే గేమ్‌కి ఇంకో వెర్షన్) ఆడుతుంటే దాని ఫైలు వేరే పేరుతో ఉంటుంది, అదీ చూడండి. మొత్తం తీసెయ్యడం ఇష్టం లేకపోతే దిస్ సిస్టమ్ మెనూలో ఆ వరుస మీద డిలీట్ నొక్కండి. ఒకసారి నొక్కితే ఖాళీ అవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ నొక్కితే డిఫాల్ట్‌కి వస్తుంది.

ఐదోది: కాయిన్, స్టార్ట్ కలిపి రికార్డు చేసేటప్పుడు మీరు ఒకటి ఆలస్యంగా నొక్కారు. చివరి బటన్ పడ్డాక మేమ్ కాస్త ఆగి, ఇంకేమీ రాకపోతే అంతటితో ముగించేస్తుంది. జనరల్ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ కింద ఎస్కేప్ కీ కనబడే వరుస చూడండి. అక్కడ "జాయ్ 1 బటన్ 10" అని ఒక్కటే ఉంటుంది, లేదా రెండు బటన్ల మధ్య "ఆర్" అని ఉంటుంది. "ఆర్" ఉంటే ఏది నొక్కినా పనిచేస్తుంది. రెండు పేర్లు పక్కపక్కన "ఆర్" లేకుండా ఉంటేనే రెండూ కలిపి నొక్కాలని అర్థం. ఆ వరుస తుడిచేసి, ఎంటర్ కొట్టి, రెండు బటన్లూ ఒకేసారి నొక్కి పట్టుకోండి. అలాగే మెనూ అడుగున చూపించే సూచనలో సెట్ అని ఉందా అపెండ్ అని ఉందా గమనించండి. సెట్ అయితే పాతది పోతుంది, అపెండ్ అయితే పాతదానికి "ఆర్"తో కలుస్తుంది. ఎస్కేప్ కీ పోకుండా జాయ్‌స్టిక్ కాంబినేషన్ చేర్చాలంటే అపెండ్ కావాలి. ఎస్కేప్ పోగొట్టుకుని గేమ్‌లో ఇరుక్కుపోయే వాళ్లు తక్కువేమీ కాదు.

మూడోది మేమ్ తప్పు కాదు, కీబోర్డు కట్టుబడి. కీబోర్డులో ప్రతి కీకీ విడి వైరు ఉండదు. అడ్డ గీతలు, నిలువు గీతలు ఉంటాయి, రెండు గీతలు కలిసే చోట ఒక కీ. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు కలిపి నొక్కితే కరెంటు చుట్టూ తిరిగి వచ్చి నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ప్రతి కీకీ కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ పెడితే ఈ గొడవ ఉండదు, చవక కీబోర్డుల్లో పెట్టరు. లేని కీని పంపడం కంటే మూడో కీని మింగెయ్యడం నయమని కీబోర్డు కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. మీ కీబోర్డులో పై బాణం, ఎడమ బాణం, స్పేస్ అలాంటి మూడు మూలల్లో పడ్డాయి. కుడి బాణం వేరే గీత మీద ఉంది కాబట్టి బతికిపోయింది.

మేమ్ డిఫాల్ట్‌లో మొదటి బటన్ ఎడమ కంట్రోల్, రెండోది ఎడమ ఆల్ట్, నాలుగోది ఎడమ షిఫ్ట్. వింతగా అనిపిస్తుంది గానీ కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లకి చాలా కీబోర్డుల్లో విడి గీతలు ఉంటాయి, బాణాలతో గొడవపడవు. మూడోదే స్పేస్, మీకు తగిలింది అదే. దాన్ని కుడి కంట్రోల్‌కో, ఇన్‌పుట్ డివైసెస్ తెరపై రెండు బాణాలతో కలిపి పడుతున్న ఇంకో కీకో మార్చుకోండి. పై-ఎడమ, పై-కుడి, కింద-ఎడమ, కింద-కుడి నాలుగూ పరీక్షించాకే ఖాయం చేసుకోండి.

ఇద్దరు ఒకే కీబోర్డు మీద ఆడాలంటే ఇంకో పరిమితి ఉంది. యూఎస్‌బీ కీబోర్డు మామూలుగా పంపే రిపోర్టు 8 బైట్లు: ఒకటి కంట్రోల్ షిఫ్ట్ లాంటి ఎనిమిది మాడిఫయర్లకి, ఒకటి ఖాళీ, మిగతా ఆరు ఆరు కీలకి. ఏడో మామూలు కీకి చోటు లేదు. ఎన్-కీ రోలోవర్ (ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ పంపడం) ఉన్న కీబోర్డు అయితే ఈ హద్దు దాటుతుంది.

రెండోదానికి మీ మ్యాప్ స్ట్రింగ్ సరిగ్గానే ఉంది, డాక్యుమెంటేషన్‌లో నాలుగు దిక్కుల స్టిక్‌కి ఇచ్చేది అదే. జాయ్‌స్టిక్ డెడ్‌జోన్ (నడిమి దగ్గర స్టిక్ కదిలినా లెక్కలోకి రాని మేర) తగ్గించి చూడండి.

—

నాలుగు_దిక్కులు:

మిగతా అంతా ఒప్పుకుంటాను గానీ మైక్రోస్విచ్ గారూ, ప్యాక్‌మ్యాన్ విషయంలో డెడ్‌జోన్‌కి సంబంధం లేదు. అక్కడ గొడవ చేస్తున్నది ఆ మ్యాప్ స్ట్రింగే.

జాయ్‌స్టిక్ మ్యాప్ అనేది అనలాగ్ స్టిక్ కోసం. స్టిక్ తిరిగే మొత్తం మేరని మేమ్ 9 అడ్డం, 9 నిలువు గళ్లుగా, అంటే 81 గళ్లుగా చూస్తుంది. ఏ గడిలో ఏ దిక్కో ఆ స్ట్రింగ్ చెబుతుంది. అంకెలు న్యూమరిక్ కీప్యాడ్ లెక్క: 8 పైకి, 4 ఎడమకి, 7 పై-ఎడమ మూల, 5 నడిమి. ఎస్ అంటే స్టికీ, అంటే ఆ గడిలోకి వస్తే అంతకు ముందున్న దిక్కునే పట్టుకుని ఉండు అని. స్ట్రింగ్‌లో పై-ఎడమ పావు భాగమే రాస్తాం, మిగతా మూడు పావులూ అద్దంలో బొమ్మలా మేమ్ తనే నింపుకుంటుంది.

ఇప్పుడు మీ స్ట్రింగ్ చదవండి. మొదటి వరుస ఎస్8, అంటే మొట్టమొదటి గడి, పై-ఎడమ చిట్టచివరి మూల, ఎస్. రెండో వరుస 4ఎస్8, మూడోది 44ఎస్8. మూల నుంచి నడిమికి ఐమూలగా ఎస్‌ల గీత ఒకటి వస్తుంది. అనలాగ్ స్టిక్ ఆ సన్నటి గీతని చిటికెలో దాటేస్తుంది, అందుకే దానికి చక్కగా కుదురుతుంది.

మీ బోర్డు అనలాగ్ కాదు. స్టిక్ లోపల నాలుగు మైక్రోస్విచ్‌లు, వాటినే బోర్డు యాక్సిస్‌లా (అడ్డం, నిలువు కదలిక కొలతలా) చూపిస్తుంది. ఎక్స్ యాక్సిస్‌లో మూడే విలువలు: ఈ చివర, నడిమి, ఆ చివర. వై కూడా అంతే. కాబట్టి ఎడమ, పై స్విచ్‌లు రెండూ మూసుకుంటే మీరు పడేది సరిగ్గా ఆ మూల గడిలో, అంటే ఎస్‌లో. ఎడమ నుంచి పైకి తిప్పుతున్నప్పుడు రెండు స్విచ్‌లూ కలిసి మూసుకున్నంత సేపూ మేమ్ "ఇంకా ఎడమే" అంటుంది. ఎడమ స్విచ్ పూర్తిగా వదిలాకే పైకి ఒప్పుకుంటుంది. అప్పటికి సందు దాటిపోయింది. డెడ్‌జోన్ ఎంత పెట్టినా విలువ నడిమిలోనో చివర్లోనో తప్ప మధ్యలో ఉండదు కదా, అది ఏం మారుస్తుంది?

ఆ లైన్‌ని ఆటో అని మార్చండి. నాలుగు దిక్కుల గేమ్‌కి రెండు స్విచ్‌లు కలిసి పడితే ఏం చెయ్యాలో మేమ్‌లోనే విడిగా ఒక లాజిక్ ఉంది: కొత్తగా పడిన దిక్కు గెలుస్తుంది. ఎడమ పట్టుకుని ఉండగా పై స్విచ్ మూసుకోగానే వెంటనే పైకి. ప్యాక్‌మ్యాన్‌కి కావలసింది అచ్చం ఇదే.

దీనికీ ఒక లోపం ఉంది. నడిమి నుంచి సరాసరి మూలకి కొట్టారనుకోండి, రెండు స్విచ్‌లూ ఒకేసారి కొత్తవే, అప్పుడు రెండింట్లో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. దానికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. స్టిక్ అడుగున ఉండే, దాని కదలికకి హద్దు పెట్టే చతురస్రపు గేట్‌ని 45 డిగ్రీలు తిప్పి బిగించే వీలుంటే తిప్పండి, స్టిక్ మూలలకి పోదు. స్ట్రీట్ ఫైటర్ ఆడాలంటే మళ్లీ వెనక్కి తిప్పాలి, తప్పదు.

క్యూబర్ట్ వేరే కథ. 1982 నాటి ఆ మెషీన్‌లో నాలుగు దిక్కుల స్టిక్‌నే 45 డిగ్రీలు తిప్పి బిగించారు. ఆటోలో ఉంటే మేమ్ దాన్ని గుర్తుపట్టి మూలల మ్యాప్ తనే వేసుకుంటుంది. అందుకే ఐఎన్ఐలో ఒకే స్ట్రింగ్ అన్ని గేమ్‌లకీ బిగించెయ్యడం మంచిది కాదంటాను. స్ట్రీట్ ఫైటర్‌లో మీకు మూలలు ఎలా పడుతున్నాయో నాకు అర్థం కాలేదు, అక్కడ కూడా ఈ స్ట్రింగే వర్తించాలి.

—

రెండో_ప్లేయర్:

ఆటో పెట్టాను, ప్యాక్‌మ్యాన్ దారిలోకి వచ్చింది. స్ట్రీట్ ఫైటర్ 2లో మూలలు మొన్నటిదాకా కీబోర్డుతోనే పరీక్షించానని ఇప్పుడు గుర్తొచ్చింది, స్టిక్‌తో పడేవి కావన్నమాట. ఇప్పుడు పడుతున్నాయి. ఎస్ఎఫ్2 ఫైలు జరిపాక వరుస కూడా సరిపోయింది, ఎగ్జిట్ కాంబినేషన్ కూడా కుదిరింది.

మిగిలింది స్టిక్‌ల తారుమారు. మ్యాప్‌డివైస్ (ఏ బోర్డు ఎన్నో జాయ్‌స్టిక్కో చెప్పే లైన్) అనేది వాడమని చదివి సీటీఆర్ఎల్ఆర్ ఫోల్డర్‌లో ఫైలు చేశాను. బోర్డు డివైస్ ఐడీలో ప్రొడక్ట్ అని మొదలయ్యే భాగం రెండు లైన్లలోనూ పెట్టాను, ఒకటి జాయ్‌కోడ్_1కి, ఒకటి జాయ్‌కోడ్_2కి. ఏ మార్పూ లేదు.

—

కేబుల్_పురాణం:

రెండు బోర్డులూ ఒకే మోడల్ కదా, ప్రొడక్ట్ భాగం రెండింటికీ ఒకటే. మేమ్‌కి తేడా ఎలా తెలుస్తుంది?

కమాండ్ ప్రాంప్ట్‌లో మేమ్ పక్కన మైనస్ వీ, గేమ్ పేరు పెట్టి నడపండి. మొదట్లో వచ్చే లైన్లలో "యాడింగ్ జాయ్‌స్టిక్ #1", పక్కన పేరు, బ్రాకెట్లో డివైస్ ఐడీ కనబడతాయి. డైరెక్ట్ ఇన్‌పుట్ (విండోస్ గేమ్ కంట్రోలర్లని చదివే ఒక పద్ధతి) ద్వారా వచ్చే బోర్డుకి ఆ ఐడీలో మూడు ముక్కలు ఉంటాయి: పేరు, ప్రొడక్ట్ అనే పొడుగు సంఖ్య, ఇన్‌స్టెన్స్ అనే పొడుగు సంఖ్య. ప్రొడక్ట్ సంఖ్యలో మొదటి నాలుగు అక్షరాలు పీఐడీ (మోడల్ సంఖ్య), తర్వాతి నాలుగు వీఐడీ (తయారీదారు సంఖ్య). 00060079 అని కనబడితే పీఐడీ 0006, వీఐడీ 0079 అన్నమాట, ఈ రకం బోర్డుల్లో తరచూ కనబడేది. అది మోడల్ గుర్తు. బోర్డుని బోర్డునీ విడదీసేది ఇన్‌స్టెన్స్ ముక్క. ఒక్కో లైన్‌లో ఆ ముక్క పెట్టండి. ఐడీ మొత్తం అక్కర్లేదు, అందులో ఎక్కడైనా దొరికే భాగం చాలు.

ఫైలు ఆకారం ఒకసారి సరిచూసుకోండి. అన్నిటికీ బయట మేమ్‌కాన్ఫిగ్, వెర్షన్ 10. దాని లోపల సిస్టమ్, పేరు డిఫాల్ట్. దాని లోపల ఇన్‌పుట్. దాని లోపల మ్యాప్‌డివైస్ లైన్లు, ఒక్కోదానికి డివైస్, కంట్రోలర్ అనే రెండు విలువలు. సిస్టమ్ పేరు డిఫాల్ట్ కాకుండా గేమ్ పేరు పెడితే మ్యాప్‌డివైస్ పనిచెయ్యదు. సీఎఫ్‌జీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫైల్లో రాసినా పట్టించుకోదు, సీటీఆర్ఎల్ఆర్ ఫోల్డర్‌లోని ఫైల్లోనే ఉండాలి. తర్వాత మేమ్ ఐఎన్ఐలో సీటీఆర్ఎల్ఆర్ అనే లైన్ దగ్గర ఆ ఫైలు పేరు, చివర ఎక్స్‌టెన్షన్ లేకుండా రాయాలి. సగం మంది మర్చిపోయేది ఈ ఒక్క లైనే.

ఇంకో డివైస్ ఐడీలో & గుర్తు కనబడితే దాన్ని అలాగే రాయకండి, ఈ ఫైలు రాసే ఎక్స్ఎంఎల్ పద్ధతి ఒప్పుకోదు. & పక్కన ఏఎంపీ అనే మూడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, సెమీకోలన్ పెట్టాలి.

అన్నీ కుదిరితే మైనస్ వీతో నడిపినప్పుడు "రీమ్యాప్డ్ జాయ్‌స్టిక్" అనే లైన్ కనబడుతుంది. కనబడకపోతే ఫైలు చదవలేదు, లేదా ఐడీ కలవలేదు.

ఒక మాట ముందే చెబుతున్నాను. అచ్చం ఒకేలాంటి బోర్డులు రెండు ఉంటే విండోస్ ఇచ్చే ఇన్‌స్టెన్స్ గుర్తు మీద నూరుపాళ్లు నమ్మకం పెట్టుకోకండి. యూఎస్‌బీ పోర్టులు మార్చకండి, హబ్ మధ్యలో పెట్టకండి, నాలుగైదు సార్లు రీస్టార్ట్ చేసి చూడండి. అయినా తారుమారైతే ఒక బోర్డుని పీఐడీ వేరే ఉన్న ఇంకో మోడల్‌తో మార్చడమో, ఇద్దరు ప్లేయర్లూ ఒకే బోర్డు మీదకి వచ్చే ఎన్‌కోడర్ పెట్టుకోవడమో శాశ్వత మార్గం. అప్పుడు ప్రొడక్ట్ ముక్కే సరిపోతుంది.

—

ఐదుసార్లు_షిఫ్ట్:

కీబోర్డుతో ఆడేవాళ్లకి చిన్న విషయం. నాలుగో బటన్ ఎడమ షిఫ్ట్ కాబట్టి గబగబా ఐదుసార్లు కొడితే విండోస్ స్టికీ కీస్ డబ్బా తెరపైకి వస్తుంది. కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్. సెట్టింగ్స్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ కింద కీబోర్డు తెరిచి ఈ రెండింటి షార్ట్‌కట్‌లు ఆపెయ్యండి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉంటే కంట్రోల్, ఆల్ట్, బాణం కలిసినప్పుడు తెర మొత్తం తిరగబడుతుంది. మేమ్‌లో మొదటి రెండు బటన్లు, స్టిక్ కలిస్తే అచ్చం అదే కాంబినేషన్! డ్రైవర్ ప్యానెల్లో హాట్ కీస్ ఆపితే పోతుంది.

—

బటన్7:

ఇదే దారంలో అడుగుతున్నాను, క్షమించండి. జాయ్‌స్టిక్‌ని కీబోర్డు కీలుగా మార్చే చిన్న ప్రోగ్రామ్ వాడుతున్నాను. నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు పడుతున్నాయి, మేమ్‌లో ఏమీ పడట్లేదు. ఎందుకని?

—

మైక్రోస్విచ్:

బటన్7 గారూ, మేమ్ ఐఎన్ఐలో కీబోర్డ్‌ప్రొవైడర్ లైన్‌ని విన్32 అని మార్చండి. ఆటోలో ఉంటే మేమ్ కీబోర్డుని రా ఇన్‌పుట్ ద్వారా, అంటే డివైస్ నుంచి నేరుగా, చదువుతుంది, ప్రోగ్రామ్‌లు పుట్టించే దొంగ కీలు ఆ దారిలో దానికి కనబడవు. కానీ నా మాట విని ఆ ప్రోగ్రామే తీసెయ్యండి. మేమ్ జాయ్‌స్టిక్‌ని నేరుగా చదువుతుంది. రెండూ నడిస్తే ఒక బటన్‌కి రెండు ఇన్‌పుట్‌లు వెళ్తాయి, ఒక కాయిన్ వేస్తే రెండు పడ్డాయేంటని మళ్లీ ఇక్కడికే వస్తారు.

నాలుగు_దిక్కులు గారి డెడ్‌జోన్ మాట కరెక్టే, బోర్డు మూడు విలువలే ఇస్తుందన్నది నేను ఆలోచించలేదు. డెడ్‌జోన్ పనికొచ్చేది నిజమైన అనలాగ్ ప్యాడ్‌కి. అరిగిన స్టిక్ వదిలేసినా నడిమికి రాకపోతే 0.3 దాకా పెంచి చూడొచ్చు.

—

రెండో_ప్లేయర్:

ఇన్‌స్టెన్స్ ముక్కలు పెట్టాక రీమ్యాప్డ్ లైన్లు రెండూ వచ్చాయి. ఆరుసార్లు రీస్టార్ట్ చేశాను, ఎడమ స్టిక్ ఎడమనే ఉంది. అదే ఫైల్లో బటన్ల వరుస కూడా రాద్దామని చూశాను, అది మాత్రం గేమ్‌లో కనబడట్లేదు.

—

కేబుల్_పురాణం:

మేమ్ ముందు సీటీఆర్ఎల్ఆర్ ఫైలు చదివి, తర్వాత సీఎఫ్‌జీలోని డిఫాల్ట్, చివర గేమ్ ఫైలు చదువుతుంది. వెనక చదివిందే నిలుస్తుంది. మీరు ఇదివరకే జనరల్ మెనూలో వరుస మార్చారు కాబట్టి డిఫాల్ట్ ఫైలు మీ కొత్త వరుసని తొక్కేస్తోంది. రెండు చోట్ల పెట్టుకోకండి. బటన్లు మెనూలోనే ఉంచి, సీటీఆర్ఎల్ఆర్ ఫైల్లో మ్యాప్‌డివైస్ లైన్లు మాత్రమే మిగల్చండి. వరుస కుదిరాక మేమ్ మూసి, డిఫాల్ట్ ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా మెనూలో కెలికితే దాన్ని తెచ్చి పెట్టేస్తే సరి.